మిల్లింగ్ వైస్ అసలుదా, డూప్లికేటా: విప్పి చూసి, కొలిచి తేల్చుకునే పద్ధతి మొత్తం

అనంతపురం, తాడిపత్రి, గుంతకల్లు పక్క లేత్ వర్క్స్ నడుపుకునేవాళ్ళు ఇప్పుడు ఒక్కొక్కరుగా మిల్లింగ్‌లోకి, అంటే తిరిగే కట్టర్‌తో ఇనుము కోసే పనిలోకి దిగుతా ఉన్నారు. బుడ్డల మిషిన్ షాఫ్ట్‌కి కీవే కొట్టేది, గ్రానైట్ పాలిషింగ్ మిషిన్ల కప్లింగులు, పెనుకొండ పక్క కియా వచ్చినాంక చిన్నాచితకా ఫిక్చర్ పనులు, ఇవన్నీ ఉన్నాయి కదా, అందుకే. మిషిన్ కొనేటప్పుడు మాత్రం శానా జాగ్రత్తగా ఉంటారు, పాత హెచ్‌ఎంటీ అయితే పదిమందిని అడిగి, మెకానిక్‌ని ఎంట తీసుకపోయి, బెడ్డు మీద డయల్ (రవ్వంత ఎత్తుపల్లం కూడా ముల్లుతో చూపించే గేజ్) పెట్టి చూసి మరీ కొంటారు. అదే వైస్ (కోసే ముక్కని, అంటే జాబ్‌ని, మిషిన్ మీద కదలకుండా పట్టుకునేది) దగ్గరికొచ్చేసరికి బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డులో ఏ అంగట్లో రేటు తక్కువ చెప్తే ఆడనే తీసుకోని బస్సులో ఏసుకోని వచ్చేస్తారు. అంతా చేసి జాబ్ కూర్చునేది ఆ వైస్‌లోనే, మిషిన్ బెడ్ ఎంత స్ట్రెయిట్‌గా ఉన్నా వైస్ జాబ్‌ని పైకి లేపేస్తే చేసిన ఫినిషింగ్ అంతా దండగ.

ఇంకో సంగతి, "అసలుది" అంటే రెండు రకాలు, ఈ రెండూ కలిపేసుకుంటారు కాబట్టే మోసపోయేది. ఒకటి పేరు అసలుదా అని, అంటే దాని మీద ఏ కంపెనీ పేరుందో నిజంగా ఆ కంపెనీదేనా అని. రెండోది పని అసలుదా అని, అంటే లోపల మెకానిజం చెప్పినట్ల పనిచేస్తాదా లేదా అని. నా మట్టుకు నాకు రెండోదే ముఖ్యం. కాపీ చేసిన వైస్‌ని కాపీ అని చెప్పి కాపీ రేటుకి అమ్మితే దాంట్లో తప్పేం లేదు, డయల్ టెస్ట్ పాసైతే కళ్ళకద్దుకోని వాడుకోవచ్చు. అసలు పేరు చెప్పి, అసలు రేటు తీసుకోని, లోపల రంగేసిన బీడు ముద్ద పెట్టి ఇచ్చేవాని గురించే ఇదంతా రాసేది.

లోపల ఏముంటాదో ముందు తెలుసుకోవాల

ప్రపంచమంతా కాపీ కొట్టే మిల్లింగ్ వైస్ ఒకటే, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో కర్ట్ అనే కంపెనీ చేసే ఆరించుల వైస్. దాని లోపలుండే ఏర్పాటుకి వాళ్ళు పెట్టుకున్న పేరు యాంగ్‌లాక్. ఈ డిజైన్ దశాబ్దాల నాటిది, పేటెంట్ కాలం ఎప్పుడో తీరిపోయింది, కాబట్టి చైనా, తైవాన్, మన దేశం, అందరూ చేస్తారు, చేసుకోవచ్చు కూడా. మన అంగళ్ళలో దాన్నే యాంగిల్ లాక్ అనో, యాంటీ లిఫ్ట్ అనో, ఉత్తగా "కర్ట్ టైపు" అనో అంటారు. ఆ "టైపు" అనే మాట బిల్లులోకి వచ్చేసరికి ఎగిరిపోతాది చూడండి, ఆడ మొదలయితాది తంటా.

మామూలు వైస్‌లో ఏం జరుగుతాదంటే, స్క్రూ కింద ఉంటాది, జాబ్ పైన ఉంటాది. స్క్రూ బిగిస్తే కదిలే జా (జాబ్‌ని కరిచి పట్టే దవడ) కింది భాగం ముందుకు పోతాది, పైన జాబ్ అడ్డం పడతాది, దాంతో జా వెనక్కి వాలి ముందుపక్క రోంత పైకి లేస్తాది. జా లేస్తే దాంతోపాటు జాబ్ కూడా లేస్తాది, కింద పెట్టిన పారలల్ (జాబ్‌ని ఎత్తులో ఉంచే సమానమైన స్టీల్ పట్టీ) లూజవుతాది. అందుకే మనోళ్ళు బిగించినాంక పైన రాగి సుత్తో, ప్లాస్టిక్ సుత్తో తీసుకోని కొట్టి కొట్టి కూర్చోబెడతారు. కొట్టినాంక కూడా అది మళ్ళా లేవదని గ్యారంటీ ఏం లేదు.

యాంగిల్ లాక్‌లో నట్ జాని నేరుగా తోయదు. నట్‌కి ఏటవాలు మొహం ఒకటి ఉంటాది, కదిలే జా కింద గుంట ఒకటి ఉంటాది, ఈ రెండిటి నడుమ అర్ధగోళం, అంటే బాల్‌ని సగానికి కోసినట్టుండే స్టీల్ ముక్క కూర్చుంటాది. దాని గుండ్రటి పక్క జా గుంటలోకి, చదును పక్క నట్ ఏటవాలు మీదికి. స్క్రూ బిగించేకొద్దీ బలం ముందుకూ పోతాది, కిందికీ పోతాది. ముందుకు పోయే ప్రతి పౌండు బలానికి అర పౌండు కిందికి దిగుతాదని కర్ట్ వాళ్ళు చెప్పుకుంటారు. ముక్క గుండ్రంగా ఎందుకుండాలంటే, నట్‌కీ జాకీ నడుమ రోంత వంకర ఉన్నా అది తనంతట తనే తిరిగి సర్దుకోని మొహమంతా ఆనేటట్ల కూర్చుంటాది. ఈ ముక్క సరిగ్గా లేకపోతే బయటి నుంచి ఎంత కర్ట్ లాగా కనపడినా అది మామూలు వైసే.

ఎంట తీసుకపోవాల్సినవి

అంగడికి ఉత్త చేతులతో పోతే అంగడాయన మాటలే వినాల్సొస్తాది. 0.01 మి.మీ. డయల్, మ్యాగ్నెట్ బేస్, 0-25 మి.మీ. మైక్రోమీటర్, పెద్ద వెర్నియర్, గ్రైండింగ్ చేసిన ఒక జత పారలల్స్, నాలుగు పక్కలా గ్రైండింగ్ చేసిన చిన్న స్టీల్ బ్లాక్ (25 మి.మీ. మందం చాలు), అలెన్ కీలు మి.మీ.వి, ఇంచులవి రెండు సెట్లు, స్క్రూ పిచ్ గేజ్, చిన్న ఫైలు, కిరోసిన్ గుడ్డ. సిగరెట్ కాగితం నాలుగు ముక్కలు జేబులో పెట్టుకోండి. టార్చ్ ఫోన్‌లో ఉంటాది.

విప్పి చూస్తానంటే ఒప్పుకోని అంగట్లో కొనొద్దు. ఇదొక్కటే కండిషన్ పెట్టుకున్నా సగం మోసం ఆడికే ఆగిపోతాది. సీల్ ఉంది సార్, విప్పితే వారంటీ పోతాది అంటారు, వైస్‌కి సీల్ ఏందప్పా, అదేమన్నా వాచీనా.

మొదటి పని: బయట నుంచి చూపు, బరువు, మోత

రంగు చూసి ఏదీ తేల్చుకోవద్దు, రంగు ఎవరైనా ఏస్తారు. రంగు కింద ఏముందో చూడండి. పోత పోసినాంక గుంటలు పడితే వాటిని పుట్టీతో పూడ్చి పైన రంగేస్తారు. గోరుతోనో అలెన్ కీ మొనతోనో కనపడని మూల గీకితే పుట్టీ అయితే పొడి రాలతాది, మెత్తగా తగలతాది. బాడీ అడుగు భాగం తిప్పి చూడండి, ఆడ ఇసుక అంటుకోనే ఉందా, పదునైన అంచులు అట్లనే వదిలేసినారా, రిబ్బులు సమానంగా ఉన్నాయా. మంచి కంపెనీ వైస్ అడుగుపక్క కూడా శుభ్రంగా ఉంటాది, డూప్లికేట్ చేసేవాడు కొనేవాడు చూసే పక్క మీదనే కష్టపడతాడు.

పేరు బాడీ మీద పోతలోనే వచ్చిందా, లేక అల్యూమినియం ప్లేటుకి రెండు రివెట్లు కొట్టినారా, లేక ఉత్త స్టిక్కరా చూడండి. ప్లేట్ ఉన్నంత మాత్రాన నకిలీ అని కాదు. పాత వైస్ మీద కొత్త రివెట్లు, ప్లేటు పక్కన ఇంకో జత పాత రంధ్రాలు, ప్లేట్ కింద ఏదో పేరు గ్రైండర్‌తో కొట్టేసిన ఆనవాలు, ఇట్లాంటివి కనపడితే లేసి బయటికి రావడమే. స్పెల్లింగ్ కూడా అక్షరం అక్షరం చదవండి, ఒక అక్షరం మార్చి అదే అచ్చులో రాసేవాళ్ళుంటారు.

బరువు. ఆరించుల మిల్లింగ్ వైస్ స్వివెల్ బేస్ (వైస్‌ని పక్కకి తిప్పుకునే అడుగు దిమ్మె) లేకుండానే ముప్పై కిలోలకు పైన తూగాల. ఒక్క మనిషి నవ్వుకుంటా ఎత్తి బల్ల మీద పెట్టేస్తే గోడలు పల్చగా పోసినారని అర్థం. కంపెనీ క్యాటలాగులో ఆ మోడల్ బరువు ఇచ్చి ఉంటాది, పక్కన పాత ఇనుము అంగట్లో కాటా ఉంటాది, రెండు నిముషాల పని.

ఇంక మోత. కర్ట్ వాళ్ళు వాడేది డక్టైల్ ఐరన్, మన దగ్గర ఎస్‌జీ ఐరన్ అంటారు, 80,000 పీఎస్ఐ బలం అని చెప్తారు, అంటే సుమారు 550 ఎంపీఏ. చవక వైస్‌లు మామూలు బీడుతో పోస్తారు, అది దాంట్లో సగం కూడా తట్టుకోదు చానాసార్లు. మన బీఐఎస్‌లో మామూలు బీడుకి ఐఎస్ 210, ఎస్‌జీ ఐరన్‌కి ఐఎస్ 1865 అని వేరే వేరే స్టాండర్డులు, పోత పోసినాయన్ని ఏ గ్రేడ్ అని అడిగితే ఎఫ్‌జీ 200, ఎఫ్‌జీ 260 అంటే బీడు, ఎస్‌జీ 500 పై 7 అట్ల అంటే ఎస్‌జీ. అంగట్లో ఎట్ల కనుక్కోవాలంటే, కదిలే జా విప్పినాంక దాన్ని తాడుతో కట్టి గాల్లో ఏలాడదీసి చిన్న స్టీల్ రాడ్డుతో తట్టండి. ఎస్‌జీ అయితే గుడి గంట మాదిరి రోంతసేపు మోగతాది, బీడు అయితే "టప్" అని ఆడికే చచ్చిపోతాది. బల్ల మీద పెట్టి తడితే ఏదైనా టప్ అనే అంటాది కాబట్టి ఏలాడదీయడం మర్చిపోవద్దు. ఇంకా గట్టి రుజువు కావాలంటే డ్రిల్లు రజను, బీడు రజను పొడి పొడిగా రాలతాది, ఎస్‌జీ రజను చిన్న చిన్న చుట్టలుగా వస్తాది, కానీ అంగట్లో కొత్త వైస్‌కి డ్రిల్లు ఏస్తామంటే ఎవరూ ఒప్పుకోరు లెండి.

బీడు వైస్ అంతా చెత్త అని అనట్లేదు, మందంగా పోసిన బీడు బాడీ చిన్న పనులకి బాగానే ఉంటాది. ఎస్‌జీ అని చెప్పి బీడు ఇస్తే అది మోసం, అంతే తేడా.

రెండో పని: విప్పడం

అసలు పరీక్ష ఇదే, దీనికి ఎంత టైమైనా పర్లేదు.

కదిలే జాని బాగా వెనక్కి తీసుకోండి. దాని వెనకపక్క చిన్న సెట్ స్క్రూ ఉంటాది, కొన్ని కాపీల్లో పక్కన పెడతారు. అది లూజ్ చేసి జాని ముందుపక్క పట్టుకోని పైకి లేపితే నట్ నుంచి ఊడి వస్తాది. లేపేటప్పుడు కింద చెయ్యి పెట్టుకోండి, అర్ధగోళం ముక్క గ్రీజుకి అంటుకోని ఉండి ఉన్నట్టుండి జారి పడతాది, అంగట్లో బల్ల కిందికి దొర్లిపోతే వెతుక్కోవాల.

ఇప్పుడు చూడాల్సినవి. ముక్క అసలు ఉందా? నవ్వొద్దు, లేని వైస్‌లు ఉన్నాయి, జా గుంటలో పోతలోనే ఒక ఉబ్బు పెట్టి నట్‌ని నేరుగా దానికి ఆనించేస్తారు. ముక్క ఉంటే అది స్టీలా, మిషినింగ్ చేసిందా, గుండ్రటి పక్క నునుపుగా ఉందా. కిరోసిన్ గుడ్డతో తుడిచి చేతిలో తిప్పి చూడండి, లేత్ గీతలు లోతుగా కనపడితే అది సరిగ్గా కూర్చోదు. చదును పక్క ఫైలుతో మెల్లగా ఒక గీటు, ఫైలు జారిపోతే హార్డెనింగ్ చేసినట్టు, కొరికితే మెత్తది. మెత్త ముక్క కొన్నాళ్ళకి అణిగి చపటగా అయిపోతాది, అప్పుడు జా లేవడం మొదలవుతాది, మనం మిషిన్‌ని తిట్టుకుంటాము.

నట్ ఏటవాలు మొహం చూడండి. అది మిషినింగ్ చేసి మెరుస్తా ఉండాల. దాని మీద రంగు ఉంటే, పోత గరుకు అట్లనే ఉంటే, ఆ వైస్‌ని యాంగిల్ లాక్ అనడమే అబద్ధం, చదును ముక్క గరుకు మొహం మీద రెండు మూడు చుక్కల్లోనే ఆనతాది. జా గుంట కూడా అంతే, టార్చ్ ఏసి చూస్తే లోపల గుండ్రంగా కోసిన గుర్తు కనపడాల, ఇసుక, రంగు ఉండకూడదు. రోంత మార్కింగ్ బ్లూ ఉంటే గుంటలో పూసి ముక్క పెట్టి తిప్పి తీయండి, నీలం ఎంతమేర అంటిందో అంతమేరే ఆనతా ఉందని లెక్క.

స్క్రూ పక్కకి రండి. చేత్తో తిప్పితే ఒకే రకంగా తిరగాల, ఒక తావ గట్టిగా ఇంకో తావ లూజుగా ఉంటే స్క్రూ వంకరన్నా ఉంది, థ్రెడ్ గరుకన్నా ఉంది. స్క్రూ బాడీకి ఆనే చోట థ్రస్ట్ బేరింగ్ ఉందా, లేక ఉత్త వాషరా? మంచి వైస్‌లో బేరింగ్ ఉంటాది కాబట్టి అదే హ్యాండిల్ బలానికి ఎక్కువ పట్టు దొరుకుతాది. వాషర్ ఉన్న వైస్‌కి పట్టు చాలక మనోళ్ళు హ్యాండిల్‌కి పైపు తొడుగుతారు, పైపు తొడిగితే స్క్రూ పోతాది, ఆమీద నట్ పోతాది.

మూడో పని: ఇంచులా, మి.మీ.లా

ఇది పేరు అసలుదా కాదా తేల్చడానికి నాకు బాగా నచ్చిన చిట్కా, ఎందుకంటే పెద్ద పరికరాలేం అక్కర్లేదు. కర్ట్ ఆరించుల ఇంచు మోడళ్ళలో జా ప్లేట్ బిగించే అలెన్ బోల్టులు అర ఇంచువి, ఇంచుకి 13 థ్రెడ్లు. రెండు బోల్టుల సెంటర్ల నడుమ దూరం 3.88 ఇంచులు, అంటే 98.5 మి.మీ. దగ్గర్లో. మన దగ్గర, చైనాలో చేసే కాపీల్లో చానా వాటికి ఎం12, అంటే 12 మి.మీ. బోల్టులు ఏసేస్తారు. ఎం12 అలెన్‌కి 10 మి.మీ. కీ పడతాది, అర ఇంచు బోల్టుకి మూడు బై ఎనిమిది ఇంచు కీ, అంటే 9.5 మి.మీ., పడతాది. మీ 10 మి.మీ. కీ సుబ్బరంగా కూర్చుంటే అనుమానం మొదలు. బోల్ట్ బయటికి తీసి పిచ్ గేజ్ పెట్టండి, 1.75 మి.మీ. పిచ్ అయితే ఎం12. పాత వైస్‌లో ఎవరో బోల్టులు మార్చి ఉండొచ్చు కాబట్టి బోల్టుతో ఆగకుండా బాడీలో రంధ్రం థ్రెడ్ కూడా చూడాల, అర ఇంచు బోల్ట్ తెచ్చుకోని చేత్తో తిప్పితే లోపలిదాకా పోవాల.

మోడల్ నంబర్‌లోనే ఇంకో లెక్క ఉంది. డి688 అంటే ఆరించుల జా, 8.8 ఇంచులు తెరుచుకుంటాది. డి675 అంటే 7.5 ఇంచులు. అంగడాయన డి688 అని చెప్తే జాని చివరిదాకా తెరిచి వెర్నియర్ పెట్టండి, 223 మి.మీ. పైచిలుకు రావాల. రాకపోతే అది డి688 కాదు, ఇంకేదో. డి688 అడుగు నుంచి బెడ్ దాకా ఎత్తు 2.875 ఇంచులు, అంటే 73.03 మి.మీ., రెండు మూడు వైస్‌లు పక్కపక్కన పెట్టి ఒకే పొడుగాటి జాబ్ పట్టుకునేవాళ్ళ కోసం ఈ ఎత్తు శానా కచ్చితంగా ఉంచుతారు. ఇవన్నీ కూడా కాపీ కొట్టగలరు, నిజమే, కానీ కాపీ కొట్టేవాడు అన్నీ ఒకేసారి సరిగ్గా కొట్టడు, ఎక్కడో ఒక తావ దొరుకుతాడు.

సీరియల్ నంబర్ కనపడితే ఫోటో తీసుకోని కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి. దుడ్లు కట్టకముందే.

నాలుగో పని: డయల్ పెట్టి తేల్చడం

అంగట్లో మిషిన్ ఉండదు, సర్ఫేస్ ప్లేట్ ఉంటే మంచిది, లేకుంటే "మా మిషిన్ మీద పెట్టి చూసి బాగలేకపోతే వాపస్" అని బిల్లు మీద రాయించుకోని తెచ్చుకోండి. స్వివెల్ బేస్ తీసేయండి, దాన్ని చూసి మురిసిపోతారు గానీ మన పనుల్లో దాని అవసరం తక్కువ, చవక వైస్‌లో బేస్ వల్లనే సగం తేడా వస్తాది.

ముందు బెడ్. మిషిన్ టేబుల్, వైస్ అడుగు శుభ్రంగా తుడిచి, ఆయిల్ స్టోన్‌తో బర్రు తీసి, టి-బోల్టులతో బిగించండి. డయల్ మొన వైస్ బెడ్ మీద పెట్టి పొడుగూతా, అడ్డంగా తిప్పండి. మొత్తం మీద 0.02 మి.మీ. లోపల ఉంటే మంచిది. ఆ తర్వాత కదలని జా, దాన్ని ఎక్స్ పక్క డయల్‌తో నేరుగా తెచ్చుకోని, మిషిన్ "నీ"ని (టేబుల్‌ని మోసే భాగాన్ని) పైకీ కిందికీ ఆడించి నిటారుగా ఉందా చూడండి. జా ప్లేట్ ఎత్తంతా 0.01, మహా అయితే 0.02. ప్లేట్ విప్పి నాలుగు మూలలా మైక్రోమీటర్‌తో మందం కొలిస్తే తేడా ప్లేట్‌దా, బాడీదా తెలిసిపోతాది. తేడా ప్లేట్‌ది అయితే గ్రైండింగ్‌తో సరిపోతాది. బాడీది అయితే ఆ వైస్ వద్దు.

జా ప్లేట్ హార్డెనింగ్ ఉందా అని కింది అంచు మూల ఫైలు పెట్టి చూడండి, పని చేసే మొహం మీద పెట్టొద్దు. ఫైలు జారాల.

ఇప్పుడు అసలుది, జా లేచే టెస్ట్. రెండు పారలల్స్ పెట్టి, వాటి మీద బ్లాక్ పెట్టి, చేత్తో బిగుతు తగిలేదాకా తిప్పండి. పారలల్ కింద నాలుగు మూలలా సిగరెట్ కాగితం పెట్టుకోవచ్చు. డయల్ మొన బ్లాక్ పైన, కదిలే జా పక్క అంచుకి దగ్గరగా పెట్టి జీరో చేయండి. హ్యాండిల్‌తో మామూలుగా పనికి ఎంత బిగిస్తారో అంత బిగించండి, సుత్తి ఏయొద్దు. డయల్ ముల్లు ఎటు పోయింది?

పైకి 0.01, 0.02 లోపల కదిలితే ఆ యాంగిల్ లాక్ నిజంగా పనిచేస్తా ఉంది, కొన్ని వైస్‌లలో ముల్లు కిందికి కూడా పోతాది, అది ఇంకా మంచిది. 0.05 దాటి పైకి పోతే లోపల ముక్క ఉన్నా లేనట్టే. 0.1 అయితే అంగడాయనకి ఫోన్ చేయండి. బిగించినాంక పారలల్స్‌ని వేలితో కదిలించి చూడండి, కదలని జా పక్కది గట్టిగా ఉండి కదిలే జా పక్కది గలగలమంటే, డయల్ లేకున్నా సమాధానం తెలిసిపోయినట్టే. ఈ అంకెలు నేను పెట్టుకున్న గీతలు, మీ పని ఉత్త కీవేలు, ఫ్లాట్లే అయితే ఇంకా రోంత వదిలేయొచ్చు.

లేస్తా ఉంటే వెంటనే డూప్లికేట్ అని తిట్టొద్దు, సెట్ స్క్రూ చూడండి. అది మరీ లూజ్‌గా ఉన్నా జా ఆడతాది. ఆనేదాకా బిగించి పావు తిప్పు వెనక్కి తీసి మళ్ళా టెస్ట్ చేయండి. అప్పటికీ అట్లనే ఉంటే తప్పు వైస్‌దే.

ఇంకో రెండు చిన్న టెస్టులు. కదలని జా వెనకపక్క డయల్ పెట్టి గట్టిగా బిగిస్తే జా ఎంత వెనక్కి వంగుతాదో కనపడతాది, 0.02 దాకా మామూలే, పల్చటి బీడు బాడీలు 0.05 పైన వంగి, వదిలితే మళ్ళా వెనక్కి వస్తాయి. అట్లనే బెడ్ నడుమ డయల్ పెట్టి బిగించండి, బాడీ విల్లు మాదిరి వంగే రకం అయితే ముల్లు లేస్తాది. చివరగా అదే బ్లాక్‌ని విప్పి బిగించి, విప్పి బిగించి, ప్రతిసారీ డయల్ అదే చోటికి వస్తా ఉందా చూడండి, ఒకసారి మంచిగా వచ్చిన రీడింగ్ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

సెకండ్ హ్యాండ్ సంగతి

నిజం చెప్పాలంటే మన పక్క అసలు కర్ట్ దొరికేది కొత్త వైస్‌ల అంగట్లో తక్కువ, బయటి దేశం నుంచి వచ్చిన పాత మిషిన్లతో పాటు వచ్చినవే ఎక్కువ. బెంగళూరు పీణ్యాలో యూనిట్ మూసేసి మిషిన్లు అమ్మేటప్పుడు వైస్ మిషిన్‌కే బిగించి ఉంటాది, దాని విలువ తెలియక మిషిన్‌తో కలిపి ఇచ్చేస్తారు. కర్నూలు కల్లూరు ఎస్టేట్ పక్కనో కడపలోనో పాత ఇనుము అంగట్లో తుప్పు పట్టి కనపడినా తుప్పు చూసి వదిలేయొద్దు, కిరోసిన్‌తో పోతాది. చూడాల్సింది బెడ్ మీద డ్రిల్లు గుంటలు ఎన్ని, కట్టర్ తగిలి కోసిన జా ఎంత లోతు, ఎక్కడన్నా వెల్డింగ్ ఏసినారా అని. బాడీకి వెల్డింగ్ ఉంటే ఎంత అసలుదైనా వదిలేయండి. జా ప్లేట్లు పోయినా బాధ లేదు, 3.88 సెంటర్లు ఉన్న ప్లేట్లు లోకంలో అందరూ చేస్తారు, మన లేతులోనే చేసుకోవచ్చు. అర్ధగోళం ముక్క పోయినా చేయించుకోవచ్చు గానీ హార్డెనింగ్ చేసే మనిషి కావాల.

తుప్పు కింద నిజంగా అసలు వైస్ ఉంటే, కొత్త చవక కాపీ కన్నా అదే మేలు, కళ్ళు మూసుకోని చెప్తా.

బిల్లు

కొత్తది కొంటే జీఎస్టీ బిల్లు లేకుండా కొనొద్దు, బిల్లులో కంపెనీ పేరు, మోడల్ నంబర్ రెండూ రాయించుకోండి. "మెషిన్ వైస్ 6 ఇంచ్ 1 నంబర్" అని ఉంటే రేపు దేన్ని పట్టుకోని అడుగుతారు. హెచ్ఎస్ఎన్ కోడ్ (సరుకు ఏ రకమో చెప్పే నంబర్) చూడండి, మిషిన్ మీద జాబ్ పట్టే సామాన్లు 8466 కింద వస్తాయి, మామూలు చేతి పని వైస్‌లు 8205 కింద. 8205 ఉంటే నకిలీ అని కాదు, అలవాటుగా ఏసేస్తారు, కానీ అమెరికా వైస్ అని చెప్పి బిల్లు మీద అట్లుంటే ఎందుకని అడగండి. బయటి దేశం నుంచి వచ్చిన డబ్బా అయితే దాని మీద ఏ దేశంలో చేసింది, దిగుమతి చేసినవాళ్ళ పేరు, అడ్రస్ ఉండాల, 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ అదే చెప్తాయి. డబ్బా లేదు, పోయింది అంటే రేటులో ఆ అనుమానం కూడా తగ్గించి అడగండి.

దొంగ పేరుతో అమ్మినట్టు గట్టిగా తేలితే ట్రేడ్ మార్క్స్ చట్టం 1999 కింద అది నేరమే, ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, జరిమానా ఉన్నాయి. మనకి దుడ్లు వాపస్ కావాలంటే 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి చేయొచ్చు. వ్యాపారం కోసం కొంటే మీరు వినియోగదారుడు కాదు అని వాదిస్తారు, కానీ సొంతంగా పని చేసుకోని బతకడానికి కొన్నోళ్ళకి 2019 చట్టంలో మినహాయింపు ఉంది, ఒక్క మిషిన్ పెట్టుకోని తనే నడుపుకునే మనిషి ఆ మాట చెప్పుకోవచ్చు. దీనికంతటికీ బిల్లు, విప్పినప్పుడు తీసిన ఫోటోలు, డయల్ రీడింగ్ వీడియో ఉండాల.

ఇంటికి తెచ్చినాంక

మంచిదే అని తేలినా డబ్బాలోంచి తీసి నేరుగా బిగించొద్దు. మొత్తం విప్పి, ప్యాకింగ్ గ్రీజు, లోపల మిగిలిన రజను కడిగి, నట్ మొహానికీ అర్ధగోళానికీ స్క్రూకీ కొత్త గ్రీజు పెట్టి, సెట్ స్క్రూ పావు తిప్పు లెక్కలో బిగించుకోండి. జా లేచే టెస్ట్ ఆ రోజే మళ్ళా చేసి రీడింగ్ మిషిన్ లాగ్ బుక్కులో రాసుకోండి. ఆర్నెల్లకోసారి అదే బ్లాక్, అదే పారలల్స్‌తో చూసుకోండి, అంకె పెరిగితే ముందు లోపల రజను చేరిందేమో విప్పి కడగండి, చానాసార్లు అదే ఉంటాది. కడిగినా తగ్గకపోతే అర్ధగోళం చదును పక్క స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూడండి, వెలుతురు కనపడితే ముక్క మార్చాల్సిందే.